హిందీలో తొంభై ఒకటి

ప్రతి ఏటా జూన్ నెల రాగానే ప్రిన్సిపాల్ గురునాథరావు గారికి బీపీ పెరిగేది. అడ్మిషన్లు ముగిసి, ఫస్టియరు పిల్లలు బెంచీల మీద కుదురుకున్నాక దానంతటదే దిగిపోయేది. ఈ సంగతి అలవాటైపోయి డాక్టరు గారు మే నెలాఖరుకే మందు రాసి పంపేసేవారు.

సీతమ్మధారలో ఆయన నడిపే బాలికల జూనియర్ కాలేజీకి విశాఖపట్నంలో మంచి పేరుంది. పేరున్న చోటికే సిఫార్సులూ వస్తాయి. పోర్టు నుంచి ఒక ఆఫీసరు, స్టీల్ ప్లాంటు నుంచి ఒక మేనేజరు, ఎవరో ఎమ్మెల్యే గారి తోడల్లుడు, అందరూ ఫోన్ చేసి ఎంపీసీలో ఒక్కటంటే ఒక్క సీటు అడిగేవారు. రెండు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. రిజర్వేషన్ల లెక్క ప్రభుత్వం చెప్పినట్టే జరిగిపోయేది గనక అక్కడ పేచీ లేదు. మిగిలిన సీట్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేల్చేసరికే ఆయనకి తల ప్రాణం తోకకొచ్చేది.

తొంభై ఎనిమిదిలో దీనికి తోడు ఇంకో చిక్కు వచ్చిపడింది. స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ నుంచి సీబీఎస్‌ఈ పిల్లల తండ్రులు కొందరు కలిసికట్టుగా ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. స్టేట్ సిలబస్ మార్కుల్నీ తమ బోర్డు మార్కుల్నీ ఒకే తక్కెట్లో వేసి తూచడం అన్యాయమన్నారు.

"మా బోర్డులో మార్కులు వెయ్యడానికి వాళ్లకి చేతులు రావండీ" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న కంచరపాలెం తండ్రి ఒకాయన చటుక్కున లేచాడు. "అంటే మావోళ్లకి రోడ్డు మీద పంచీతన్నారేటండీ మార్కులు?"

ఆ తరువాత గదిలో ఎవరు ఏమన్నారో ఎవరికీ సరిగ్గా వినపడలేదు. అందరినీ బయటికి పంపేసి గురునాథరావు గారు ఫ్యాను కింద కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నారు. కళ్లు తెరవగానే లెక్కల లెక్చరర్ తాయారును పిలిపించారు.

తాయారుది అమలాపురం వైపు. భర్త రమణమూర్తికి పోర్టులో ఉద్యోగం రావడంతో పెళ్లయిన కొత్తల్లోనే విశాఖపట్నం వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయింది. ఆవిడ అరమార్కు దగ్గర కూడా కనికరం చూపదని పిల్లలంతా చెప్పుకునేవారు. అది నిజం కాదు. పావు మార్కు దగ్గర కూడా చూపదు. లోకంలో జరిగే అన్యాయాల్లో సగం సరిగ్గా లెక్కకట్టకపోవడం వల్లే జరుగుతాయని ఆవిడ గట్టి నమ్మకం.

"మీరో ఫార్ములా తయారుచేసి పెట్టండి మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్. "ఎవరొచ్చినా అది వాళ్ల చేతిలో పెడతాను. నన్నయితే తిడతారు గానీ, ఫార్ములాని ఏమని తిడతారు?"

తాయారు మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడను ఎవరూ ఇంత మంచి పని అడగలేదు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. లెక్కలకీ సైన్సుకీ రెట్టింపు విలువ. ఇంగ్లిషుకి మామూలు విలువ. సోషలుకీ తెలుగుకీ సగం. సీబీఎస్‌ఈ వాళ్లకి కొంత కలుపు. హిందీ సున్నా.

భర్త రమణమూర్తి గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తూ కాగితంలోకి తొంగిచూశాడు. "పాపం, హిందీ ఏం చేసిందే?"

"మిగతావాటికి ముప్ఫై అయిదు రావాలి, హిందీకి ఇరవై వస్తే పాసండీ. అలాంటి సబ్జెక్టుని లెక్కలోకి తీసుకుంటే లెక్కకే అవమానం."

"మా పోర్టులోనూ ఇదే గొడవ. ముందొచ్చిన ఓడకి ముందు రేవులో బెర్తివ్వాలా, బియ్యం తెచ్చిన ఓడకి ముందివ్వాలా అని. మేం ఫార్ములాలు కట్టం. కెప్టెన్లని అరవనిస్తాం. ఎవడి గొంతు ముందు బొంగురుపోతే వాడు ఆగుతాడు."

"అందుకే మీ ఓడలు అలా నడిసముద్రంలో పడుంటాయి" అని తాయారు కాగితం తనవైపు లాక్కుంది.

ఫార్ములా ప్రకారం మొదటి జాబితా నోటీసు బోర్డు ఎక్కింది. ప్రిన్సిపాల్ గారు కోరుకున్నట్టే ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తండ్రులు కాలిక్యులేటర్లు పట్టుకొచ్చి కాలేజీ అరుగు మీదే లెక్కలు కట్టుకున్నారు. తక్కువ వచ్చినవాళ్లు మళ్లీ కట్టుకున్నారు. మూడోసారి కూడా తక్కువే వస్తే నిట్టూర్చి ఇంకో కాలేజీకి వెళ్లిపోయారు. వారం తిరిగేసరికి ఫార్ములా ఊళ్లో పాకింది. అరటిపళ్లు కొనడానికి వెళితే బండివాడు కూడా తాయారును పట్టుకుని, "మేడమ్, మా బావ కూతురికి సైన్సులో ఎనబయ్యారు. మీ పార్ములాలో ఏటవుద్ది?" అని అడిగాడు. తాయారు అక్కడికక్కడే నోటితో లెక్కకట్టి చెప్పింది. సంతోషంలో పళ్లు తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వచ్చేసింది.

అప్పుడు జోగమ్మ వచ్చింది.

జోగమ్మకి కంచరపాలెం రైల్వే గేటు దగ్గర చిన్న టిఫిను కొట్టుంది. కూతురు దేవిశ్రీని వెంటబెట్టుకుని నేరుగా స్టాఫ్ రూముకే వచ్చేసి, తాయారు బల్ల ముందు నిలబడింది. పిల్ల మాత్రం గుమ్మం దగ్గరే ఆగి గోడ మీది పీరియాడిక్ టేబుల్ చదువుతోంది.

"మా గుంటకి అయిదొందల ఇరవై రెండొచ్చినాయమ్మా. అయిదొందల పదేనొచ్చిన పిల్ల పేరు మీ బోర్డు మీద ఉంది, మా గుంట పేరు నేదు. ఏటిది?"

తాయారు కూర్చోమని చెప్పి, ఫార్ములా కాగితం తీసి ఓపిగ్గా వివరించింది. దేవిశ్రీకి వచ్చిన మార్కుల్లో తొంభై ఒకటి హిందీవి. అవి తీసేస్తే తన పేరు వెయిటింగ్ లిస్టులోకి వచ్చింది. ఎవరైనా మానుకుంటే సీటు రావచ్చు.

"తీసీడానికి అవి మీరిచ్చిన మార్కులేటమ్మా? గవుర్మెంటోలిచ్చినారు."

"కాదమ్మా, లెక్కలూ సైన్సూ చదవడానికి హిందీతో పనిలేదు కదా."

"పన్నేకపోతే మరి అయిదేళ్లు సదివించడమెందుకు?"

స్టాఫ్ రూములో ఆ మూల దినపత్రిక చదువుకుంటున్న హిందీ పండితుడు పత్రిక పక్కన పెట్టి, జోగమ్మ వైపు ఎంతో ఆదరంగా చూశాడు.

ఆ వారమే కీర్తన అనే ఇంకో అమ్మాయి దరఖాస్తు వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి కొండలరావు ఓడలో ఇంజనీరు. కంపెనీ వాళ్లు కుటుంబాన్ని కొన్నేళ్లు విదేశంలో ఏదో రేవు పట్నంలో ఉంచారు. పిల్ల అక్కడే చదువుకుని ఇప్పుడు తల్లితో విశాఖపట్నం వచ్చేసింది. ఆ బడివాళ్లు మార్కులు వెయ్యరు. లెక్కలు: ఎ. సైన్సు: బి ప్లస్. కింద టీచరు ఒక వాక్యం రాసింది. ఈ అమ్మాయి ప్రశ్నలు అడగడం ఆపదు, దయచేసి ఆపించకండి అని. ఢిల్లీ నుంచి తెచ్చుకున్న సమాన అర్హత పత్రం కూడా ఉంది గానీ, ఈ చదువు మన పదో తరగతికి సమానమని ఉందే తప్ప ఎన్ని మార్కులకి సమానమో అందులోనూ లేదు.

జాబితాలో ఒకమ్మాయి మానుకోవడంతో ఎంపీసీలో అప్పటికి ఒక్క సీటు మిగిలింది. ఎ అనే అక్షరాన్ని దేంతో గుణిస్తారు?

తాయారు ఊరుకునే మనిషి కాదు. ప్రిన్సిపాల్ గదిలోంచి ఆ బడికి ఫోన్ కలిపించింది. హెడ్‌మిస్ట్రెస్ మర్యాదస్తురాలు. తమ బడి నుంచి వెళ్లిన పిల్ల కోసం ఇండియా నుంచి ఫోన్ వచ్చిందని మురిసిపోయింది కూడా.

"ఎ అంటే ఎంతండీ?" అని ఇంగ్లిషులో అడిగింది తాయారు.

"ఎ అంటే ఆ అమ్మాయికి బాగా వచ్చని."

"బాగా అంటే? నూటికి తొంభయ్యా, తొంభై అయిదా?"

"మేము నూటికి చూడమండీ. ఏడాదంతా పిల్లల పక్కన కూర్చుని చూస్తాం."

"చూశాక ఒక అంకె అనుకుంటారు కదా, మనసులోనైనా?"

"మీకు బాగా ఇష్టమైన విద్యార్థిని ఉందా మేడమ్? బాగా తెలివైన అమ్మాయి? ఆ అమ్మాయి నూటికి ఎంత?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

తాయారు జవాబు చెప్పేలోగా లైను తెగిపోయింది. తెగినందుకు ఆవిడకి కోపం రాలేదు.

ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. చారు పోసుకోబోయి మంచినీళ్లు పోసుకుంది. రమణమూర్తి చారు గిన్నె ఆవిడ ముందుకి జరిపాడు. మర్నాడు కాలేజీకి పిల్లలు రాకముందే స్టాఫ్ రూములో నల్లబల్ల ముందు నిలబడింది. ఆ ఏడాదే ఇంటర్ ముగించి వెళ్లిన పిల్లలందరినీ ఒక్కొక్కరినే మనసులో తలుచుకుంది. రెండేళ్లు పాఠం చెప్పిన పిల్లలు, ఎవరి సంగతేమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఒక్కొక్క పేరు పక్కన ఎ అనో, బి అనో, సి అనో రాసుకుంటూ పోయింది. అలా రాస్తుంటే కొంచెం సిగ్గేసింది, కొంచెం సరదాగానూ ఉంది. తరువాత ఆఫీసు నుంచి వాళ్ల పదో తరగతి మార్కులు తెప్పించి, తన ఫార్ములాలో వేసి, పేర్ల పక్కన రాసింది.

రాశాక రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

ఫార్ములాకీ తన అక్షరాలకీ పొంతనే లేదు. ఫార్ములాలో మొదటి పేరుకి తను సి రాసింది. చెప్పింది చెప్పినట్టు రాసేది తప్ప, ఎందుకని ఒక్కసారి అడిగిన పిల్ల కాదు. తను ఎ రాసిన వాళ్లలో ఇద్దరు ఫార్ములా లెక్కన కాలేజీ గడపే తొక్కకూడదు. లెక్కల్లో దాదాపు అందరికీ తొంభై పైనే ఉన్నాయి. అందరూ ఒకే ఎత్తున నిలబడితే ఎవరు పొడుగో దేన్ని బట్టి చెబుతారు? సైన్సూ అంతే, ఇంగ్లిషూ అంతే. సగం విలువవే కదా అని తెలుగూ సోషలూ పట్టించుకోలేదు.

ఇక మిగిలింది హిందీ. అక్కడ మాత్రం ఇరవై రెండు నుంచి తొంభై నాలుగు దాకా రకరకాల అంకెలున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ తాయారు సుద్దముక్క కింద పడేసింది. ఎ వచ్చిన పిల్లలందరికీ హిందీలో ఎనభై పైనే! సి వాళ్లందరికీ అత్తెసరు!

కాసేపట్లో స్టాఫ్ రూము నిండింది. తాయారు నల్లబల్ల చూపిస్తూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "ఇరవై వస్తే చాలు అన్న సబ్జెక్టుని ఎవరు శ్రద్ధగా చదువుతారు చెప్పండి? చదువు మీద ప్రేమ ఉన్న పిల్ల చదువుతుంది. అక్కర్లేనిది కూడా బాగా చేసే పిల్ల, అక్కరున్నది ఇంకా బాగా చేస్తుంది. అదండీ సంగతి!"

హిందీ పండితుడు లేచి నిలబడి చేతులు జోడించాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో తన సబ్జెక్టు పేరు ఇంత గట్టిగా పలికినవాళ్లు లేరు.

ప్రిన్సిపాల్ గారు మాత్రం జేబులోని మాత్ర తడుముకున్నారు. "మేడమ్, ఎంపీసీ సీటు హిందీ మార్కులు చూసి ఇచ్చారంటే నన్ను ఊళ్లో ఏమంటారు?"

"వెయిటింగ్ లిస్టు వరకే సార్. అక్కడ అందరూ దాదాపు సమానమే. తేల్చడానికి ఏదో ఒకటి కావాలి కదండీ."

ఆయన ఆలోచించి ఒప్పుకున్నారు. వెయిటింగ్ లిస్టులో హిందీ మార్కులు అందరికన్నా ఎక్కువ ఉన్నది దేవిశ్రీకే గనక ఆ ఒక్క సీటు ఆ పిల్లకి ఇచ్చారు.

కబురందుకున్న జోగమ్మ కూతుర్నీ, ఒక స్టీలు గిన్నె నిండా వేడి వేడి పెసరట్లనీ వెంటబెట్టుకుని వచ్చింది. స్టాఫ్ రూమంతా పెసరట్లు తింటూ ఉండగా తాయారు దేవిశ్రీని దగ్గరికి పిలిచింది. సిద్ధాంతం రుజువయ్యే ఘడియ అది. అందరూ వినాలని గొంతు కొంచెం పెంచింది.

"అమ్మా, హిందీ పాసైతే చాలని అందరూ ఊరుకుంటారు కదా. నువ్వు తొంభై ఒకటి తెచ్చుకున్నావు. ఎలా చదివావో వీళ్లందరికీ చెప్పు."

దేవిశ్రీ తల్లి వైపు చూసింది, నేల వైపు చూసింది. "నాను సదవనేదు మేడమ్."

"చదవలేదా?"

"పుస్తకమే తియ్యనేదు. మా ఇంటి పక్కన రైల్వే క్వార్టర్సులో శుక్లా ఆంటీ ఉంటారు. సిన్నప్పటి నుంచీ ఆళ్లింట్లోనే టీవీ సూసేదాన్ని. అన్నీ హిందీ సీరియల్లే. మా కొట్టుకొచ్చే డ్రైవర్లు కూడా హిందీయే మాటాడతారు. పరీక్షలో ఏటి అడిగినారో అది రాసీసినాను."

"ఆంటీ మంచిదమ్మా" అంది జోగమ్మ పక్కనుంచి. "నెక్కల్లో డౌటొత్తే మాత్రం ఆవిడకి రాదు. అందుకే నెక్కలు కట్టపడి సదివింది."

పెసరట్టు తాయారు నోట్లో అలాగే ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత ఆపుకోలేక అందరూ నవ్వారు. హిందీ పండితుడు మాత్రం నవ్వలేదు. తాయారుకి మొదట చెవులు ఎర్రబడ్డాయి. రెండో ముక్క తుంచుతుండగా తనకీ నవ్వొచ్చింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ "కాలేజీలో చేరాక మాత్రం పుస్తకం తియ్యమ్మా" అంది.

సిద్ధాంతం స్టాఫ్ రూములో చచ్చిపోయింది గానీ ఊళ్లో బతికే ఉంది. ప్రిన్సిపాల్ గారు అప్పటికే నలుగురైదుగురికి ఫోన్లో గొప్పగా చెప్పేశారు మరి. పదిహేను రోజులు గడవకముందే సీతమ్మధారలో హిందీ ట్యూషన్లు మొదలయ్యాయి. తొమ్మిదో తరగతి పిల్లలు సైకిళ్ల మీద వచ్చి హిందీ పండితుడి వాకిట్లో చెప్పులు విడిచేవారు. "ఎంపీసీకి హిందీ కంపల్సరీ అంట కదా మేడమ్?" అని అరటిపళ్ల బండివాడు అడిగితే, తాయారు పళ్లు కొనకుండానే అవతలి పేవ్‌మెంటు మీదికి దాటేసింది.

ఇక కీర్తనకి సీటు లేదని చెప్పాలి. గుమాస్తా చేత కబురు పంపవచ్చు గానీ తాయారుకి మనసొప్పలేదు. తల్లీ కూతుళ్లని పిలిపించింది. తండ్రి అప్పటికే ఓడెక్కి వెళ్లిపోయాడు. కీర్తన సన్నగా, పొడుగ్గా ఉంది. తెలుగు వచ్చు గానీ ఒక్కొక్క మాటా వెతుక్కుని మాట్లాడుతుంది. తాయారు ఫార్ములా కాగితం చూపించి, ఇందులో నీ అక్షరాలు ఇమడలేదమ్మా అని చెబుతుండగా ఆ పిల్ల కాగితం మీదికి వంగిపోయింది.

"లెక్కలకి రెండు రెట్లు ఎందుకు మేడమ్? మూడు ఎందుకు కాదు?"

"మూడైతే మరీ ఎక్కువవుతుందని."

"ఎంతైతే ఎక్కువో ఎలా తెలిసింది?"

"తోచింది." ఆ మాట తన నోటివెంట వచ్చినందుకు తాయారుకే ఆశ్చర్యమేసింది.

"లెక్కల్లో అందరికీ తొంభై పైన వస్తే, రెండు రెట్లు చేసినా మూడు రెట్లు చేసినా వాళ్ల మధ్య తేడా పెద్దగా రాదు కదా? అప్పుడు తెలుగు మార్కులే సీటు తేలుస్తాయేమో. సగం చేసినా సరే. అది మీరు చూశారా?"

తెలుగు సంగతి తాయారు చూడలేదు. నల్లబల్ల ముందు నిలబడి తను అంతసేపు గింజుకుని లెక్కల గురించి తెలుసుకున్నదాన్ని ఈ పిల్ల నిలుచున్నపాటున పట్టేసింది. తల్లి కంగారుపడి "ఊరుకోవే, మేడమ్ గారితో ఏమిటా వాగుడు" అని చెయ్యి లాగింది.

"లాగకండి" అంది తాయారు. "నువ్వు కూర్చో అమ్మా. ఇంకా ఏమేం తప్పులున్నాయో చెప్పు."

వాళ్లిద్దరూ ఆ కాగితాన్ని మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా చీల్చి చెండాడారు. వెళ్లేటప్పుడు కీర్తన "సీటు లేకపోయినా ఈ లెక్క పూర్తి చెయ్యడానికి రావచ్చా?" అని అడిగింది. ఎ అంటే ఎంతో తాయారుకి అప్పుడు తెలిసింది. కానీ అది ఎవరికి చెప్పాలన్నా అంకె లేదు.

అదృష్టం ఆ పిల్ల వైపే ఉంది. మొదటి జాబితాలో చేరిన ఇంకో అమ్మాయిని తండ్రి విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీకి మార్చేశాడు. సీటు ఖాళీ అయింది. తాయారు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి ఆ సీటు కీర్తనకి ఇవ్వమంది.

"ఏ ఫార్ములా ప్రకారం మేడమ్?"

"ఏ ఫార్ములా లేదు సార్. రెండు గంటలు మాట్లాడాను."

"ఎవరైనా అడిగితే?"

"నా దగ్గరికి పంపండి."

ఆయన ఆవిడ మొహం చూసి సంతకం పెట్టారు. ఆ రోజు మాత్ర వేసుకున్నారో లేదో తెలియదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండును. క్వార్టర్లీ పరీక్షలొచ్చాయి. కీర్తనకి లెక్కల్లో ఏడే మార్కులు వచ్చాయి. మూడు గంటలూ ఒకే ప్రశ్న దగ్గర కూర్చుంది. దాన్ని మూడు రకాలుగా చేసి, నాలుగో రకం కూడా ఉండాలి గానీ సమయం లేదని క్షమాపణ రాసింది. మిగతా ప్రశ్నలు ముట్టుకోలేదు. దేవిశ్రీకి యాభై ఎనిమిది. ఒక్క ప్రశ్నా వదల్లేదు గానీ, ప్రతి లెక్కా సగం దాకా గుర్రంలా పరిగెత్తి హఠాత్తుగా ఆగిపోయింది. ఏమీ అనకుండా ఉండడానికి స్టాఫ్ రూములో మిగతావాళ్లు పడుతున్న కష్టం తాయారుకి కనిపిస్తూనే ఉంది.

తాయారు ఆ ఇద్దర్నీ ఒకే బెంచీలో కూర్చోబెట్టింది. మొదటి వారం వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థంకాక, మధ్యలో చెయ్యి ఎత్తి తాయారును అడిగేవారు. రెండో వారానికి చేతులు ఎత్తడం తగ్గింది. ఒకరోజు తాయారు నల్లబల్ల మీద లెక్క వేసి వెనక్కి తిరిగేసరికి వెనకబెంచీ నుంచి దేవిశ్రీ గొంతు వినబడింది.

"ముందు వొచ్చినవన్నీ బేగి రాసీయే. అడగాల్సినవి ఇంటికెళ్లి అడుక్కో. పేపరు దిద్దేవోళ్లకి నీతో మాటాడ్డానికి కాళీ ఉండదు."

"మరి నువ్వెందుకు సగంలో ఆపేస్తావు? ఇక్కడిదాకా వచ్చావు కదా, తరువాత ఏమవాలో అడుగు."

"ఎవుల్ని అడుగుతాను?"

"లెక్కనే అడుగు."

తాయారు సుద్ద చేతిలో పట్టుకుని, ఏదో చెరపాలన్న నెపంతో బల్ల వైపు తిరిగి నిలబడింది. పిల్లలకి తన మొహం కనపడకూడదని.

హాఫియర్లీకి కీర్తన గట్టెక్కింది. దేవిశ్రీ డెబ్భై దాటింది. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి కీర్తన కంచరపాలెం యాస అచ్చంగా పట్టేసింది. ఓడ దిగి ఇంటికొచ్చిన తండ్రి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగితే "బాగానే ఉన్నాను, నువ్వేటి సిక్కిపోనావు" అందట. తల్లి ఫిర్యాదు చెయ్యడానికే కాలేజీకి వచ్చి, చెప్పడం మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక వెళ్లిపోయింది.

మళ్లీ జూన్ వచ్చింది. గురునాథరావు గారు తాయారును గదికి పిలిచి కుర్చీ చూపించారు.

"ఈసారి కొత్త ఫార్ములా కట్టారా మేడమ్? హిందీ పండితుడు రోజుకోసారి అడుగుతున్నాడు."

"మొత్తం మార్కులు చూసి ముప్పాతిక సీట్లు ఇచ్చెయ్యండి సార్, పాత పద్ధతిలోనే. హిందీ కూడా కలిపి. మిగతా పావు వంతుకి పిల్లల్ని నా దగ్గరికి పంపండి. ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడతాను. తప్పులు జరుగుతాయి. నాకు తెలుసు. కానీ ఎవరి విషయంలో తప్పు చేశానో నాకు తెలుస్తుంది, మరుసటి రోజు పాఠం నేనే చెబుతాను గనక."

"సిఫార్సులు మీ ఇంటికొస్తాయి."

"మా ఆయన చూసుకుంటారు. అరిచేవాళ్లని అరవనివ్వడం ఆయనకి పోర్టులో బాగా అలవాటే."

ఆ సోమవారం కాలేజీ వరండాలో రెండు కుర్చీలు వేయించుకుని తాయారు కూర్చుంది. చిరుజల్లు పడుతోంది. మొదటి పిల్ల శ్రీసత్య, పెందుర్తి నుంచి వచ్చింది. రెండు జడలకీ కొత్త రిబ్బన్లు. కుర్చీ అంచు మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"నీకు దేంట్లో ఎక్కువ మార్కులొచ్చాయమ్మా?"

"సైన్సులో మేడమ్."

"సైన్సంటే అంత ఇష్టమా?"

"కాదు మేడమ్. సైన్సు సారు కొడతాడు."

"మరి తక్కువ దేంట్లో?"

"లెక్కల్లో. ఆ సారు సానా మంచోడు."

తాయారు నవ్వి, తన కుర్చీని ఆ పిల్ల దగ్గరికి జరుపుకుంది. "ఆ మంచి సారు ఏమేం చెప్పారో, అది చెప్పు ముందు" అంది.